గోడ మీద నాలుగు గీతలు

పిల్లలూ! మీ ఇంటి వీధి తలుపు ఎంత ఎత్తున్నదో ఎప్పుడైనా కొలిచారా? కొలవకపోతే ఒకసారి కొలిచి చూడండి. మామూలుగా అది ఆరున్నర అడుగులో, ఏడడుగులో ఉంటుంది. ఇప్పుడు ఆ తలుపు దగ్గర ఒక జింక వచ్చి నిలబడిందనుకోండి. దాని భుజమే ద్వారబంధం పైకమ్మిని తాకుతుంది. తల ఇంకా పైన ఉంటుంది. తల మీద కొమ్ములు, ఒక పెద్దమనిషి రెండు చేతులూ బారజాపినా అందనంత వెడల్పు!

"ఇంత జింక ఎక్కడైనా ఉంటుందా? మాకు కథలు చెబుతున్నారు!" అంటారేమో. కథ కాదు. అటువంటి జింక ఉన్నది. దాని పేరు మూస్. కెనడా, అలాస్కా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా వంటి చలిదేశాల అడవుల్లో అది తిరుగుతూ ఉంటుంది. జింకల కుటుంబం అంతటిలోకీ అదే పెద్దది.

ఈ జింకను గురించి మీకు చెప్పాలంటే, నా చిన్నతనంలో నేను చేసిన ఒక తప్పును గురించి కూడా చెప్పాలి. ఆ తప్పు జరగకపోతే నాకీ సంగతులేవీ తెలిసేవే కావు.

అది 1981వ సంవత్సరం. నాకు పదేళ్లు. మా ఇల్లు విశాఖపట్నంలో మద్దిలపాలెంలో ఉండేది. మా నాన్న ఓడరేవులో గుమాస్తా. ఆ రేవు 1933లో ప్రారంభమయింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం ఇంకా పనిలోకి రాలేదు. మా ఊళ్ళో పిల్లలకు ఓడల సంగతులంటే ప్రాణం. మా మామయ్య ఒక సరుకుల ఓడ మీద పని చేసేవాడు. ఆయన ఏ రేవుకు వెళితే ఆ రేవు నుంచి నాకు ఒక బొమ్మ కార్డు పంపేవాడు. వాటన్నిటినీ నేను ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవాణ్ణి.

ఆ ఏడు మార్చి నెలలో కెనడా దేశంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి నుంచి ఒక కార్డు వచ్చింది. దాని మీద, సరస్సులో మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డ ఒక వింత జంతువు బొమ్మ ఉన్నది. గుర్రం కన్న ఎత్తయిన ఒళ్లు, పొడుగాటి కాళ్లు, మూపు మీద గూను, వేలాడే పై పెదవి, గడ్డం కింద తోలుతిత్తి. అన్నిటినీ మించి దాని కొమ్ములు! అవి చెట్టుకొమ్మల్లా లేవు. వేళ్లు చాపిన రెండు పెద్ద అరచేతుల్లా ఉన్నాయి. వెనక మామయ్య ఇలా రాశాడు: "దీన్ని ఇక్కడ మూస్ అంటారు. జింకలన్నిటిలోకీ ఇదే పెద్దది. యూరపులో దీన్నే ఎల్క్ అంటారు."

మరునాడు ఆ కార్డును బడికి పట్టుకుపోయాను. పిల్లలందరూ నా చుట్టూ మూగారు. చూసేవాళ్లు చూస్తుంటే చెప్పేవాడికి నోరు ఊరుకుంటుందా? కార్డులో లేని సంగతులు కూడా చెప్పసాగాను. "ఇది రెండంతస్తుల మేడంత ఉంటుంది. ఆడదానికీ, మగదానికీ, పిల్లలకూ కూడా ఇలాంటి కొమ్ములే ఉంటాయి. అవి చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి!" అన్నాను.

అప్పుడు నా పక్కబల్ల కుర్రవాడు ఒకడు నెమ్మదిగా, "అలా ఉండవేమో రా," అన్నాడు. వాడి పేరు చెప్పను. ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఇది చదివితే తన సంగతేనని గుర్తుపట్టి నవ్వుకుంటాడు. వాడి నాన్న ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలలో జంతువులకు మేత పెట్టే పని చేసేవాడు. అది 1977లో తెరిచిన తోట. మూడువైపులా కొండలు, నాలుగోవైపున సముద్రం. అప్పటికి ఇంకా కొత్తే.

"మా నాన్న కణుజులకు మేత పెడతాడు," అన్నాడు వాడు. "కణుజు అంటే పెద్దజింక. కొందరు కణితి అని కూడా అంటారు. ఆడ కణుజుకు కొమ్ములు ఉండనే ఉండవు. మగదానికి ఏటా రాలిపోయి, మళ్లీ మొలుస్తాయి. ఇది కూడా జింకే అంటున్నావు కదా, దీనికీ అంతే అయి ఉంటుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. అంతమందిలో నా మాట కాదంటాడా? "కొమ్ములు రాలిపోవటానికి అవేమన్నా మామిడాకులా?" అన్నాను. "మా పక్కింటివాళ్ల ఆవుకు కొమ్ములు ఎన్నడన్నా రాలాయా? ఆవు ఆడదే కదా, మరి దానికి కొమ్ములు ఎలా వచ్చాయి? మా మామయ్య దేశాలన్నీ తిరుగుతున్నాడు. మీ నాన్న గడ్డి మోసేవాడు. ఆయనకేం తెలుసు?"

పిల్లలందరూ గొల్లున నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. తిరిగి ఒక్క మాట కూడా అనలేదు. పుస్తకాలు తీసుకుని వెనకబల్లకు వెళ్లి కూర్చున్నాడు. ఆ తరవాత నాతో మాట్లాడటం మానేశాడు. మొదట నాకు గెలిచినట్టే అనిపించింది. కాని, రోజూ ఇంటర్వెల్లులో చింతకాయలు పంచుకు తినేవాళ్లం. ఇప్పుడు ఒక్కణ్ణీ తింటుంటే ఆ గెలుపు అంత రుచిగా లేదు.

మా సైన్సు మేష్టారుకు ఈ సంగతి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు చెప్పింది నిజమో, వాడు చెప్పింది నిజమో మనమే చూసి తేల్చుకుందాం. పరీక్షలు కాగానే ఆదివారంనాడు జంతుశాలకు పోదాం," అన్నారు.

ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మేష్టారూ, మేము పన్నెండుమంది పిల్లలమూ బస్సెక్కి బయలుదేరాము. హనుమంతవాక దాటేసరికి ఒక పక్క కొండలు, చెట్లు కనిపించసాగాయి. ద్వారం దగ్గర నా స్నేహితుడూ, వాడి నాన్నా మా కోసం కాచుకుని ఉన్నారు. ఆయన తల మీద తుండుగుడ్డ, చేతిలో కొడవలి.

"రండి మేష్టారూ! రండి బావూ!" అని ఆయన మమ్మల్ని తిన్నగా కణుజుల ఆవరణకు తీసుకుపోయాడు. అక్కడ చెట్లనీడన ఏడెనిమిది కణుజులున్నాయి. ఒళ్లంతా ముదురు గోధుమరంగు, చిన్న గేదెలంత ఉన్నాయి. వాటిలో ఒకటి అన్నిటికంటె పెద్దది. దాని తల బోడిగా ఉన్నది.

నాకు ప్రాణం లేచివచ్చింది. "చూడండి మేష్టారూ! అన్నిటికంటె పెద్దది ఆడదే!" అని అరిచాను.

మేత పెట్టే ఆయన నవ్వాడు. "ఆడది కాదు బావూ, అదే ఈ మందకు మొనగాడు. దాని మెడ సూడు, ఎంత లావో! మెడ సుట్టూ జూలు సూసినావా? ఆడవాటికి మెడ సన్నంగా ఉంటాది, జూలుండదు. ఈడి కొమ్ములు పది రోజుల కిందట పడిపోనాయి. తల మీద రెండు కుదుళ్లు కనబడతన్నాయా?"

నేను పరికించి చూశాను. నిజమే. చెవుల ముందు రెండు గుండ్రటి మొట్టెలు ఉన్నాయి. వాటి మీద మెత్తని కొత్త చర్మం కమ్ముకుంటున్నది. ఇక నాకు నోట మాట రాలేదు.

ఆయన కచేరీగదిలో భద్రపరచిన ఒక రాలిన కొమ్మును తెప్పించి మాకు చూపాడు. అది నా చేయికంటె పొడుగున్నది. గరుకుగా, బరువుగా ఉన్నది. దానికి మూడు మొనలు. కణుజు కొమ్ములకు సాధారణంగా ఒక్కొక్కదానికి మూడు మొనలే ఉంటాయి. బాగా ఎదిగిన కొమ్ము మీటరు పొడుగు దాకా ఉంటుంది. అడుగున, తల నుంచి ఊడిన చోట, ముత్యాలు పొదిగినట్టు ఒక గరుకు అంచు ఉన్నది.

అప్పుడు మేష్టారు మమ్మల్ని చెట్టుకింద కూచోబెట్టి ఇలా చెప్పారు:

"ఆవుకొమ్ము వేరు, జింకకొమ్ము వేరు. ఆవు, మేక, గొర్రె, మన కృష్ణజింక, వీటి కొమ్ముల లోపల ఎముక, పైన మన గోళ్లలాంటి పదార్థంతో తొడుగు ఉంటాయి. అవి ఒకసారి మొలిస్తే జీవితమంతా ఉంటాయి. వీటిలో చాలావాటికి ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి. అందుచేత ఆవు సంగతి చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. కాని దాన్ని తీసుకువచ్చి జింకకు అంటగట్టాడు, అదీ తప్పు. కణుజు, దుప్పి, మూస్ వంటి అసలు జింకల కొమ్ము ఉత్త ఎముక. అది ఏటా మొలుస్తుంది, ఏటా రాలుతుంది. మొలిచేటప్పుడు దాని మీద మఖమల్ గుడ్డలాంటి మెత్తని చర్మం ఉంటుంది. ఆ చర్మంలోని రక్తనాళాలే కొమ్ముకు ఆహారం అందిస్తాయి. జంతువుల ఒంట్లో అతి వేగంగా పెరిగే ఎముకల్లో ఇది ఒకటి. మేత చాలకపోతే ఆ జంతువు తన సొంత ఎముకల్లోని సున్నాన్నే కరిగించి కొమ్ముకు పెడుతుంది. కొమ్ము పూర్తిగా పెరిగాక ఆ చర్మం ఎండిపోతుంది. అప్పుడు జింక కొమ్ములను చెట్లకు రాచి దాన్ని వదిలించుకుంటుంది. ఆ తరవాత కొమ్ములతో మగవి ఒకదానితో ఒకటి కుమ్ములాడుకుంటాయి. ఏ మగదానికి ఎక్కువ బలముంటే దానికే ఆడవాటి పక్కన చోటు. ఆ కాలం దాటగానే కొమ్ము మొదట్లో ఎముక కరిగి, కొమ్ము ఊడి పడిపోతుంది."

"మరి ఆడవాటికి ఎందుకుండవు మేష్టారూ?" అని ఒకడు అడిగాడు.

"ఆడది ఎనిమిది నెలలు పిల్లను మొయ్యాలి, తరవాత పాలివ్వాలి. దాని ఒంట్లోని సున్నం, బలం అంతా పిల్లకే సరిపోతుంది. కొమ్ములు పెంచుకోవటానికి ఇక ఏం మిగులుతుంది? మగది పెద్దదిగా ఉండటానికి కూడా కారణం ఈ పోట్లాటలే. పెద్ద ఒళ్లున్నవాడే గెలుస్తాడు కదా! అయితే దీనికీ ఒక మినహాయింపు ఉన్నది. ధ్రువప్రాంతాల్లో బళ్లు లాగే రెయిన్‌డీర్ అనే జింకల్లో ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి. అందుకనే ఏ సంగతైనా చూడకుండా అన్నిటికీ అంటగట్టకూడదు."

నా స్నేహితుడు కాస్త దూరంగా కూచుని గడ్డిపరకలు తుంపుతున్నాడు. నా వంక చూడలేదు. ఇంతలో వాడి నాన్న కుండలోంచి చల్లటి మంచినీళ్లు ముంచి, నా చేతికి చెంబు ఇస్తూ ఇలా అన్నాడు:

"నువ్వేనా బావూ, ఓడ మీద మావయ్యున్న గుంటడివి? మావోడు నీ గురించి రోజూ సెప్తాడు. శానా బాగా సదువుతావట గదా! మావోడికి కూడా రెండక్షరాలు సెప్పు బావూ."

పిల్లలూ, ఆ నీళ్లు నా గొంతు దిగలేదు. నేనన్న మాట వాడు ఇంట్లో చెప్పనే లేదన్నమాట. తన తండ్రిని నేను "గడ్డి మోసేవాడు" అన్నానని చెబితే ఆయన నొచ్చుకుంటాడని దాచుకున్నాడు. పైగా నన్ను గురించి మంచే చెప్పాడు. ఆ గడ్డి మోసే మనిషికి తెలిసిన సంగతుల్లో పదోవంతు కూడా నాకు తెలియవని అప్పటికే రుజువయింది.

అందరూ ఏనుగును చూడటానికి వెళ్లినప్పుడు నేను వాడి వెనకే వెళ్లాను. "ఒరే, నాదే తప్పురా," అన్నాను. ఇంకా ఏదేదో చెప్పాలనుకున్నాను గాని, నోరు పెగలలేదు. వాడు కొంచెంసేపు ఊరుకుని, "నాన్న సంగతి సరే. మరి ఆడ మూస్ సంగతి తేలలేదు కదా! మీ మామయ్యకు ఉత్తరం రాసి కనుక్కో," అన్నాడు. అంతే. మళ్లీ మేము స్నేహితులమయ్యాము.

బడికి తిరిగివచ్చాక మేష్టారు హెడ్మాష్టారు గారిని అడిగి, వరండా గోడ మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీశారు. భుజం దగ్గర కొలిచిన ఎత్తులన్నమాట అవి.

మొదటి గీత నేల నుంచి ఒక్క అడుగు ఎత్తున ఉన్నది. "ఇది మూషిక జింక. తూర్పు కనుమల్లో ఉంటుంది. మూడు కిలోల బరువు, ఇంచుమించు కుందేలంత. పేరుకే జింక. నిజానికి అది వేరే కుటుంబానికి చెందింది. దానికి కొమ్ములు లేవు. మగవాటికి పై దవడ నుంచి రెండు చిన్న కోరలు పైకి కనిపిస్తాయి," అన్నారు.

రెండో గీత మూడడుగుల దగ్గర. "ఇది చుక్కల దుప్పి."

మూడో గీత అయిదడుగుల దగ్గర. "ఇది బాగా ఎదిగిన మగ కణుజు. మన దేశంలో జింకలన్నిటిలోకీ ఇదే పెద్దది. బరువు 200 నుంచి 300 కిలోల దాకా ఉంటుంది. ఆడది దానికంటె బాగా చిన్నది." నేను వెళ్లి ఆ గీత పక్కన నిలబడ్డాను. అది నా తలకంటె పైన ఉన్నది. అంటే కణుజు భుజమే నాకంటె ఎత్తన్నమాట!

నాలుగో గీత కోసం మేష్టారు కుర్చీ తెప్పించుకుని ఎక్కారు. నేల నుంచి ఏడడుగులు! "ఇది పెద్ద మగ మూస్. బరువు 380 నుంచి 700 కిలోల దాకా. అలాస్కాలో ఉండేవి అన్నిటికంటె పెద్దవి. 1897లో యూకాన్ నది దగ్గర చిక్కిన ఒక మూస్ బరువు 820 కిలోలు తూగిందని పుస్తకాల్లో ఉన్నది. ఆడవి 200 నుంచి 490 కిలోల దాకా ఉంటాయి," అన్నారు.

మేమందరం నోళ్లు తెరుచుకుని ఆ గీతకేసి చూశాము. నేను చెప్పిన రెండంతస్తుల మేడ ఎవరికీ గుర్తు రాలేదు. నిజమే అంత పెద్దదయినప్పుడు దానికి అబద్ధం కలపవలసిన పని ఏమున్నది?

"చలిదేశపు జింక ఇంత పెద్దది ఎందుకయింది మేష్టారూ?" అని నా స్నేహితుడు అడిగాడు.

"మీ అమ్మ కాచిన పాలను కొంచెం గ్లాసులో పోసి, మిగిలినవి గిన్నెలోనే ఉంచితే ఏవి ముందు చల్లారతాయి?" అన్నారు మేష్టారు.

"గ్లాసులోవి!"

"అదే కారణం. పెద్ద ఒంట్లో వేడి తొందరగా పోదు. అందుచేత ఒకే జాతికి దగ్గరైన జంతువుల్లో చలిచోట ఉండేవి పెద్దవిగానూ, వేడిచోట ఉండేవి చిన్నవిగానూ ఉండటం కద్దు. 1847లో బెర్గ్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ సంగతి చెప్పాడు. మన విశాఖపట్నం ఎండలో మూస్‌ను తెచ్చి పెడితే పాపం, అది ఉడికిపోతుంది. అందుకే అది మన జంతుశాలలో లేదు."

ఇంకొక సంగతి కూడా ఆనాడే తేలింది. మా ఇంట్లో ఒక పాత తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. అందులో కణితికి అర్థం "ఎల్క్" అని ఉన్నది. మామయ్య కార్డులో మూస్‌ను ఎల్క్ అంటారని ఉన్నది. రెండూ ఒకటేనా? మేష్టారు నవ్వి, "ఇది దొరలు చేసిన చిక్కు," అన్నారు. ఇంగ్లీషులో ఎల్క్ అంటే మొదట మూసే. ఇంగ్లీషువాళ్లు అమెరికా వెళ్లి అక్కడ వాపిటి అనే మరొక పెద్దజింకను చూసి దానికీ ఆ పేరే పెట్టారు. దక్షిణ హిందూస్థానానికీ, సింహళానికీ వచ్చి మన కణుజును చూసి దాన్ని కూడా ఎల్క్ అన్నారు. ఇలా మూడు జంతువులకు ఒకే పేరు పడింది. మూస్ అన్నది మాత్రం అమెరికా ఆదివాసుల భాషలనుంచి వచ్చిన మాట. కొమ్మల బెరడు ఒలిచి తినేది అని దాని అర్థం.

మామయ్య జవాబు వానాకాలంలో వచ్చింది. పెద్ద ఉత్తరం! దాన్ని తరగతిలో నేనే నిలబడి చదివాను. ఆయన ఆ రేవులోని వాళ్లను అడిగి తెలుసుకుని, అన్ని సంగతులూ విడమరచి రాశాడు:

ఆడ మూస్‌కు కొమ్ములు లేవు. మగదానికి వసంతకాలంలో మొలిచి, వేసవి చివరకు పూర్తవుతాయి. శరదృతువులో పోట్లాటలు, చలికాలంలో కొమ్ములు రాలిపోవటం. పెద్ద మగదాని కొమ్ముల జత ముప్ఫయి కిలోల పైన కూడా తూగుతుంది. అంత బరువు తలమీద మొయ్యటం, దాన్ని ఏటా పారేసి మళ్లీ పెంచటం! కొమ్ములు లేనప్పుడు ఆడ, మగ గుర్తుపట్టటానికి కూడా ఉపాయాలున్నాయి. మగదాని గడ్డం కింది తోలుతిత్తి పెద్దది, మూతి నల్లగా ఉంటుంది. ఆడదాని ముఖం లేత గోధుమరంగు. తోక కింద తెల్లటి మచ్చ ఉంటుంది. పిల్ల పుట్టినప్పుడు ఎర్రటి గోధుమరంగులో ఉంటుంది. దుప్పి పిల్లకు మల్లే దాని మీద చుక్కలుండవు. ఒక్కొక్కసారి కవలలు కూడా పుడతాయి. పిల్ల దగ్గర ఉన్న తల్లి మూస్ జోలికి ఎవరూ పోరు. దానికి కొమ్ములు లేకపోయినా కాళ్లున్నాయి. తోడేలునైనా ఒక్క తాపు తన్నగలదు. మూస్ చెరువుల్లో ఈదుతుంది. ముక్కు రంధ్రాలు మూసుకుని, నీళ్లలో మునిగి, అడుగున ఉన్న నాచుమొక్కలను తింటుంది. ఆ మొక్కల్లో ఉప్పు ఉంటుంది. దాని ఒంటికి ఉప్పు అవసరం.

ఆ దీవిలో మొదట మూస్‌లు ఉండేవి కావట. 1904లో పడమటి నుంచి నాలుగింటిని తెచ్చి వదిలారట. ఇప్పుడు అవి లక్షకు పైగా ఉన్నాయి. రాత్రిళ్లు రోడ్ల మీదికి వచ్చి కార్లకు అడ్డం పడుతుంటాయి. కాళ్లు పొడుగు గనక, కారు తగిలితే అంత ఒళ్లూ అద్దం మీదికే వచ్చి పడుతుంది. అందుచేత అక్కడ బండి నడిపేవాళ్లు చీకటిపడితే నెమ్మదిగా పోతారు.

ఉత్తరం చదవటం పూర్తి కాగానే నేను, "ఈ సంగతి మా మామయ్య కంటె ముందే వాడి నాన్న చెప్పాడు," అని వాడివైపు చూపించాను. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి వాడు కూడా నవ్వాడు.

ఇదంతా జరిగి నలభై ఏళ్లు దాటింది. వాడు ఇప్పుడు అటవీశాఖలో పని చేస్తున్నాడు. జంతుశాలకు ఆనుకుని ఉన్న కంబాలకొండ అడవి ఇప్పుడు అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. పట్నం పెరిగి పెరిగి ఆ అడవి అంచుల దాకా వచ్చేసింది. అయినా అందులో చిరుతపులి ఉన్నది, కణుజులున్నాయి, దుప్పులు, కొండగొర్రెలు ఉన్నాయి. చిరుత వాసన తగిలితే కణుజు తోక నిక్కబొడిచి, కాలితో నేలను తన్ని, బూరా ఊదినట్టు ఒక్క కేక పెడుతుంది. ఆ కేక విని అడవంతా జాగ్రత్తపడుతుంది.

కాని ఆ కేక ఎల్లకాలం వినిపిస్తుందని ధీమాగా ఉండటానికి లేదు. 2008 నుంచి ప్రపంచంలో ముప్పు ఉన్న జంతువుల పట్టికలో కణుజును కూడా చేర్చారు. వేట, అడవుల నరికివేత ఇందుకు కారణాలు. అందుచేత మీకు మా స్నేహితుడు చెప్పమన్న మాటలు మూడు చెబుతాను.

అడవిలో ఒంటరిగా పడుకుని ఉన్న జింకపిల్ల కనబడితే, పాపం తల్లి వదిలేసిందని ఎత్తుకు రాకండి. తల్లి దాన్ని దాచిపెట్టి మేతకు పోయి ఉంటుంది. మీరు అవతలికి పోగానే తిరిగి వస్తుంది. రాలిన కొమ్ము దొరికితే ఇంటికి తెచ్చుకోకండి. అది చట్టరీత్యా నేరం. అదీగాక, అడవిలో ముళ్లపందులు, ఎలుకలు ఆ కొమ్మును కొరికి తిని తమకు కావలసిన సున్నాన్ని సంపాదించుకుంటాయి. ఇక మూడోది, జంతుశాలకు పోయినప్పుడు కాగితాలు, ప్లాస్టిక్ సంచులు పారెయ్యకండి. వాటిని తిన్న జంతువులు కడుపునొప్పితో చచ్చిపోతాయి.

నేను ఒక మాట కలుపుతాను. ఈసారి మీరు జంతుశాలకు పోయినప్పుడు కణుజుల దగ్గర కొంచెంసేపు నిలబడండి. బోడితల ఉన్నంతమాత్రాన ఆడదనుకోకుండా మెడను, జూలును చూడండి. సందేహం వస్తే, అక్కడ మేత వేసే మనిషిని "మామయ్యా!" అని పిలిచి అడగండి. ఆయన చెబుతాడు. ఇంటికి వచ్చాక మీ అమ్మను అడిగి, గోడ మీద నాలుగు గీతలు గీసుకోండి. ఒకటి అడుగు దగ్గర, రెండోది మూడడుగుల దగ్గర, మూడోది అయిదడుగుల దగ్గర, నాలుగోది ఏడడుగుల దగ్గర. నాలుగోదానికి నాన్నగారిని కుర్చీ ఎక్కమనండి!

ఆ గీతల పక్కన మీరు నిలబడి, మీ తల ఏ గీత దాకా వచ్చిందో చూసుకోండి. ప్రతి ఏడూ మీరు పెరుగుతూనే ఉంటారు. కణుజు గీతను ఎప్పుడో దాటేస్తారు కూడా. మూస్ గీత మాత్రం ఎవరికీ అందదు లెండి!